ప్రజలయొద్దకు నడచివచ్చిన ప్రదర్శనశాలలు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, ఊరి లెక్కలు వ్రాసికొను నావంటివాడు పండితుల రచనల నడుమ ఏమి వ్రాయగలడని మొదట సంకోచించితిని. నాకు కళాశాల చదువు లేదు. భారత భాగవతములును, నాలుగు కావ్యములును ఈ గ్రంథాలయపు బల్లయొద్ద నిఘంటువు తిరుగవేయుచు చదువుకొన్నవే. అయినను లెక్కలు వ్రాయువానికి ఒక సంగతి బాగుగ తెలియును. నిలువ లెక్క వేఱు, వాడుక లెక్క వేఱు. ఏ వస్తువు ఎంత ఉన్నదో మొదటిది చెప్పును. అది ఎవరికి, ఎన్నిమార్లు, ఎట్లు ఉపయోగపడినదో రెండవది చెప్పును. ప్రపంచములోని ప్రదర్శనశాలలు నిలువ లెక్కనుండి వాడుక లెక్కకు వచ్చుటకు ఇంచుమించు రెండువందల యేండ్లు పట్టినది. ఆ చరిత్ర మన గ్రంథాలయమునకు పనికివచ్చునదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగ నా తప్పొకటి ఒప్పుకొనవలెను. ఈ గ్రంథాలయము ఏర్పడిన తొలి యేండ్లలో బీరువాల తాళపుచెవులు నాయొద్దనే యుండెడివి. ఆ కాలమున ఒక్క పుస్తకమైనను పోలేదు. ఏటేట తనిఖీనాడు ‘నష్టము లేదు’ అని వ్రాసి, క్రింద చేవ్రాలు చేసి, లోలోపల గర్వపడెడివాడను. ఒకనాడు మా వీథిలోని ఒక తల్లి, తన కుమారుడు దేశదేశముల బొమ్మల పుస్తకము చూడగోరి మూడుమార్లు వచ్చెననియు, మూడుమార్లును నేను కచ్చేరిపనిమీద పోయియుంటిననియు, నాలుగవమాఱు రమ్మన్నను వాడు రానన్నాడనియు చెప్పినది. ఆ రాత్రి ఎరువిచ్చిన పుస్తకముల రిజిస్టరు తీసి చూచితిని. పుటలకు పుటలు తెల్లగ నున్నవి. నష్టము లేదనుమాట నిజమే. లాభమును లేదు. ఆ తెల్లని పుటలు నాకు నేర్పిన పాఠమును, లోకములోని పెద్ద పెద్ద ప్రదర్శనశాలలు ఎట్లు నేర్చుకొన్నవో ఇక చూతము.

తాళము వేసిన సంపద

లండను నగరములోని బ్రిటిషు మ్యూజియము హాన్సు స్లోను అను వైద్యుని సంచయముతో ఆరంభమైనది. ఆయన 1753లో మరణించునప్పటికి పుస్తకములు, వ్రాతప్రతులు, నాణెములు, ఎండబెట్టిన మొక్కలు, దేశదేశముల వస్తువులు కలిసి 71,000కు పైగ ఆయన సంచయమున నుండెను. పార్లమెంటు ఆ యేడే చట్టము చేసి, ఆయన వారసులకు 20,000 పౌనులు చెల్లించి, వానిని జాతిసొత్తు చేసెను. 1759 జనవరి 15న మాంటేగు భవనమున మ్యూజియము తెఱవబడెను. ప్రవేశమునకు రుసుము లేదు. వినుటకిది ఎంతో ఉదారముగ నున్నది. కాని లోనికి పోగోరువాడు ముందుగ తన పేరును, స్థితిగతులను, నివాసమును వ్రాసి యిచ్చి, అనుమతి చీటికొఱకు మరల తిరుగవలసియుండెను. చీటి దొరికినవారిని చిన్న గుంపులుగ చేర్చి, ఒక యుద్యోగి వెంటనుండి గదులన్నియు త్రిప్పి పంపెడివాడు. పగలంతయు కూలిపనిలో నుండువాడు ఇన్నిమార్లు తిరుగగలడా? తలుపు తెఱచియే యున్నది, గడప మాత్రము ఎత్తుగ నున్నది.

ఆ గడపను కొంత తగ్గించినవాడు హెన్రీ కోలు అను ఆంగ్లేయుడు. 1851లో లండనులోని హైడ్‌పార్కున గాజుభవనము కట్టి జరిపిన మహాప్రదర్శనకు అరువదిలక్షలకు పైగ ప్రవేశములు జరిగినవి. ఆ ప్రదర్శనలో మిగిలిన ధనముతో సౌత్‌కెన్సింగ్టనున భూమి కొనిరి. అచ్చట 1857లో తెఱవబడిన ప్రదర్శనశాలయే నేడు విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమని ప్రసిద్ధికెక్కినది. కోలు దాని మొదటి అధిపతి. ఆయన చేసిన పనులలో నాకు మిక్కిలి నచ్చినది దీపము వెలిగించుట. పని ముగించుకొని సాయంకాలము వచ్చు శ్రామికుల కొఱకు ఆయన చిత్రశాలలలో గ్యాసుదీపములు పెట్టించెను. వచ్చినవారికి ఆకలి వేయునని అందులోనే ఫలహారశాలయు నేర్పరచెను. కళను చూచుటకు కన్నులు చాలవు, తీరికయు కావలెను, కడుపులో నింత యుండవలెనని గుర్తించిన దొర అతడు.

అంతటితో ఆగక ఆ ప్రదర్శనశాలవారు మట్టిపాత్రలు, నేతబట్టలు, లోహపుపనులు, చిత్రములు మున్నగువానిని పెట్టెలలో సర్ది ఇతర నగరములలోని కళాపాఠశాలలకు పంపుట ఆరంభించిరి. జమాబందీకి అధికారి గ్రామమునకు వచ్చినట్లు, వస్తువులే ఊరికి బయలుదేరినవి. కాలక్రమమున ఇది ఒక ప్రత్యేక శాఖయై, నూఱేండ్లకు పైగ సాగెను. 1977లో ప్రభుత్వము ఖర్చులు తగ్గింపుమన్నప్పుడు ఆ శాఖనే మూసివేసిరి. పాఠకులు ఈ సంగతిని మనస్సున నుంచుకొనవలెను. ఏ సంస్థకైనను ఖర్చు తగ్గింపు వచ్చినప్పుడు మొదట తెగునది వాకిట నిలిచి నలుగురిని పిలుచు చేయియే. గోడలు, బీరువాలు, కావలివాండ్రు నిలుతురు.

గుఱ్ఱపుబండిలో ప్రపంచము

లండనునుండి ఇక అమెరికాకు పోవుదము. 1904లో సెయింట్‌లూయీ నగరమున ఒక ప్రపంచ ప్రదర్శన జరిగినది. నానాదేశముల వస్తువులు వచ్చినవి. వస్తువులేగాక, ఫిలిప్పీను దీవులనుండి వందలకొలది మనుష్యులను తెచ్చి, వారిచే గుడిసెలు కట్టించి, వారినే వింతగ చూపిరి. ఇతర జాతులను తెలిసికొనుట అను పేర వారిని చిన్నబుచ్చుట యెట్లుండునో దానికిది ఉదాహరణము. ఈ మచ్చను దాచి చరిత్ర వ్రాయరాదు.

ఆ ప్రదర్శన ముగిసిన పిమ్మట మిగిలిన వస్తువులలో కొన్నింటిని నగర పాఠశాలల మండలివారు సేకరించి 1905లో ఒక విద్యాప్రదర్శనశాలను స్థాపించిరి. అమీలియా మైస్నరు అను ఉపాధ్యాయురాలు దాని నిర్వహణకర్త. ఆ ప్రదర్శనశాల పద్ధతి మిక్కిలి సులభమైనది. ఉపాధ్యాయులకు వస్తువుల జాబితా యొకటి యిత్తురు. జపానునుగూర్చి పాఠము చెప్పువారు జపాను వస్తువులను, పత్తినిగూర్చి చెప్పువారు పత్తికి సంబంధించినవానిని కోరుదురు. కోరినవి పెట్టెలలో అమర్చి గుఱ్ఱపుబండిలో బడికి పంపుదురు. మరుసటి వారము బండి వచ్చి వానిని తీసికొని వేఱువానిని దించిపోవును. పిల్లలు ప్రపంచమును చూచుటకు రైలెక్కనక్కరలేదు. ప్రపంచమే గుఱ్ఱపుబండి యెక్కి పిల్లలయొద్దకు వచ్చినది.

ఒక గ్రంథాలయాధికారి కథ

ఈ చరిత్రలో మనము విశేషముగ స్మరింపవలసినవాడు జాన్ కాటన్ డేనా. ఏలయన ఆయన ప్రదర్శనశాలాధికారి కాకమునుపు గ్రంథాలయాధికారి. 1856లో అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున వుడ్‌స్టాకు అను ఊరిలో పుట్టెను. 1889లో డెన్వరు నగర గ్రంథాలయమునకు అధికారియై, పుస్తకముల బీరువాలను పాఠకులకు తెఱచి, ఎవరికి కావలసినది వారే తీసి చూచుకొను ఏర్పాటు చేసెను. పిల్లలకు ప్రత్యేకముగ ఒక గది యిచ్చెను. ఆ దినములలో ఇది సాహసమే. పుస్తకములు పోవునని భయపడినవారు ఆ దేశమునను నావంటివారు చాలమంది యుండిరి.

1902లో డేనా న్యూజెర్సీ రాష్ట్రములోని న్యూవార్కు నగర గ్రంథాలయమునకు వచ్చెను. న్యూవార్కు కర్మాగారముల పట్టణము. తోలు, నగలు, లోహపుపనులు అచ్చటి జీవనాధారము. ఇటలీ, జర్మనీ, ఐర్లండు, పోలండు మున్నగు దేశములనుండి వలసవచ్చినవారు, యూదులు అందు క్రిక్కిఱిసియుండిరి. అట్టి జనమునకు పుస్తకములు మాత్రము చాలవని డేనాకు తోచినది. చదువురానివానికిని కన్నులుండును గదా! 1909లో న్యూవార్కు మ్యూజియము సంఘము ఏర్పడెను. దానికి వేఱు భవనము లేదు. గ్రంథాలయపు పై అంతస్తులే దానికి ఇల్లు. జార్జి రాక్వెలు అనునతడు కూర్చిన జపాను కళావస్తువులను నగరమువారు 10,000 డాలర్లకు కొనుటతో ఆ ప్రదర్శనశాలకు పునాది పడెను.

డేనా తన అభిప్రాయములను 1917లో రెండు చిన్న గ్రంథములుగ అచ్చువేయించెను. వాని సారము నాకు తెలిసినంతలో చెప్పెదను. పెద్ద తోటల నడుమ పాలరాతి స్తంభములతో దేవాలయమువలె కట్టి, అరుదైన పటములను వ్రేలాడదీసి, వచ్చినవాని నోరు మూయించు ప్రదర్శనశాల ఆయన దృష్టిలో వస్తువుల గోరీ. దానికంటె నడిబజారులోని మంచి అంగడి మేలు. అంగడి అందఱికి దగ్గఱగ నుండును. అనుకూలమైన వేళలలో తెఱచియుండును. లోపల ఏ వస్తువున్నదో బయటికి తెలియునట్లు పెట్టుదురు. అడిగినదానికి విసుగక బదులు చెప్పుదురు. వర్తకునకు తెలిసిన ఈ మర్యాద విద్వాంసునకు తెలియకపోవుట యేల అని ఆయన ప్రశ్న.

ఆయన మాటలతో ఆగలేదు. 1912లో జర్మనీ దేశపు నూతన గృహోపకరణ కళను ప్రదర్శించెను. 1915లో తమ రాష్ట్రములోని మట్టిపరిశ్రమను, మరుసటి యేడు వస్త్రపరిశ్రమను తీసికొని, తమ పట్టణపు పనివాడు చేసిన వస్తువును కళగా చూపెను. వలసవచ్చిన తల్లిదండ్రుల చేతిపనులు చూచి సిగ్గుపడు పిల్లలు, అవే అద్దముల వెనుక గౌరవముగ నుండుట చూచి తలయెత్తుకొందురని ఆయన యభిమతము. తన చివరిదినములలో చౌకదుకాణములనుండి కొద్ది సెంట్లకు కొనిన గిన్నెలను, గాజు సామానును ప్రదర్శించి, అందమునకు ధరతో పనిలేదని నిరూపించెను. ఇక పుస్తకమును ఎరువిచ్చినట్లే వస్తువులను బడులకు ఎరువిచ్చెను. ఆయన ప్రదర్శనశాలలో వస్తువు పిల్లవాని చేతిలోనికి పోయి మరల వచ్చును. విఱిగినది విఱుగును. 1926లో ఆ నగరపు పెద్దవర్తకుడు లూయీ బాంబర్గరు విరాళముతో మ్యూజియమునకు సొంతభవనము వచ్చెను. డేనా 1929లో మరణించెను. ఆ సంస్థ నేటికిని న్యూవార్కు కళామ్యూజియమను పేర పనిచేయుచున్నది.

ఆ సంస్థ చరిత్రలో టిబెట్టు వస్తువుల కథ వేఱుగ చెప్పదగినది. తూర్పు టిబెట్టున వైద్యముచేయుచుండిన క్రైస్తవ ప్రచారకుడు ఆల్బర్టు షెల్టను 1910లో స్వదేశమునకు ఓడలో పోవుచు, న్యూవార్కు మ్యూజియము ధర్మకర్తలలో నొకడైన ఎడ్వర్డు క్రేనును కలిసికొనెను. షెల్టను తెచ్చిన వస్తువులను 1911లో న్యూవార్కున ప్రదర్శించిరి. ఆ యేడే క్రేను మరణింపగా, ఆయన కుటుంబమువారు వానిని కొని మ్యూజియమునకు సమర్పించిరి. 1935లో ఆ విగ్రహములకును పటములకును తగినట్లు బౌద్ధవేదిక యొకటి అచ్చటనే నిర్మించిరి. దానిని కట్టినవారు అమెరికనులు. అర్ధశతాబ్ది గడచిన పిదప దానిని తీసి, సిక్కిములోని రుంటెకు విహారమున శిక్షణ పొందిన ఫుంత్సోకు దోర్జే అను టిబెట్టు చిత్రకారునిచే క్రొత్తవేదికను వ్రాయించిరి. 1990లో దలైలామాగారు స్వయముగ వచ్చి దానికి ప్రతిష్ఠ చేసిరి.

ఈ రెండు వేదికల నడుమ నున్న అంతరమును గమనింపుడు. మొదటిది ఇతరులనుగూర్చి మనము చెప్పుకొన్నది. రెండవది ఇతరులు వచ్చి తమనుగూర్చి తామే చెప్పినది. సెయింట్‌లూయీలో మనుష్యులను వింతగ నిలువబెట్టిన నాటినుండి, ఆ సంప్రదాయపు గురువునే పిలిచి పీఠముమీద కూర్చుండబెట్టిన నాటివఱకు ప్రదర్శనశాలలు ఎంత దూరము నడచినవో దీనివలన తెలియును.

వినబడు ప్రదర్శనశాల

ఇంతవఱకు కంటికి కనబడు వస్తువుల ముచ్చట. చిత్రమును గోడకు తగిలించినచో అది తన పని తాను చేసికొనును. వీణను అద్దాలపెట్టెలో పెట్టినచో అది మూగది. సంగీతమును ప్రదర్శనశాలలో నుంచుట యెట్లు? ఈ చిక్కును విప్పిన కథలో మన దేశమునకును భాగమున్నది.

కలకత్తాలోని ఠాకూరు వంశమున పుట్టిన రాజా శౌరీంద్రమోహన ఠాకూరు సంగీతశాస్త్రవేత్త. 1871లో వంగదేశమున సంగీతపాఠశాల స్థాపించెను. వాద్యములనుగూర్చి ‘యంత్రకోశ’ మను గ్రంథము వ్రాసెను. ఆయన 1876లో బెల్జియము రాజైన రెండవ లియోపోల్డునకు సుమారు నూఱు భారతీయ వాద్యములను కానుకగ పంపెను. ఆ కానుకయు, ఫెటిసు అను సంగీతపండితునినుండి ప్రభుత్వము 1872లో కొనిన సంచయమును కలిపి 1877లో బ్రస్సెల్సునగరపు సంగీత విద్యాలయమున వాద్యప్రదర్శనశాల యేర్పడెను. ఐరోపాలోని ఒక గొప్ప వాద్యసంచయమునకు పునాదిలో సగము రాయి మన దేశమునుండి పోయినదన్నమాట.

దాని మొదటి అధిపతి విక్టరు మహియోను. ఆయన వాద్యములు చేయు ఇంటివాడు. నానాదేశముల వాద్యములను ఏ క్రమమున నిలుపవలెనని ఆలోచించి, నాదము దేనినుండి పుట్టునో దానినిబట్టి నాలుగు తెగలుగ విభజించెను. తంత్రినుండి పుట్టునది, గాలినుండి పుట్టునది, బిగించిన చర్మమునుండి పుట్టునది, వస్తువు తానే కదలి మ్రోగునది. ఇది చదివినప్పుడు నేను కుర్చీనుండి లేచితిని. చిన్ననాడు మా తాతగారు నాచే వల్లెవేయించిన అమరకోశములో నాట్యవర్గమున ఈ నాలుగే యున్నవి: తతము, ఆనద్ధము, సుషిరము, ఘనము. భరతుని నాట్యశాస్త్రమున నున్నదియు ఇదే. మహియోను విభజనకు భారతీయ శాస్త్రమే మార్గము చూపెనని పలువురు పండితుల మతము. 1914లో హార్న్‌బోస్టెలు, సాక్సు అను విద్వాంసులు దానిని విస్తరించి చేసిన విభజనయే నేడు లోకమంతట వాద్యప్రదర్శనశాలలలో వాడుకలో నున్నది. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదందురు. మన పెరటిచెట్టు బ్రస్సెల్సున వైద్యము చేసి వచ్చినపిమ్మట గాని నేను దాని మహిమ తెలిసికొనలేదు.

మహియోను పాతవాద్యములను బాగుచేయుటకు, దొరకనివానికి ప్రతులు చేయుటకు కర్మశాల పెట్టించెను. 1880 తరువాతి యేండ్లలో విద్యాలయపు గురువులును శిష్యులును పాతవాద్యములపై కచ్చేరీలు చేసిరి. మూగవస్తువులకు గొంతు వచ్చెను. 2000వ సంవత్సరమున ఆ ప్రదర్శనశాల క్రొత్తచోటికి మారినపిమ్మట, చూపరి చెవులకు వినికిడి పరికరము తగిలించుకొని వాద్యము ముందు నిలిచినచో ఆ వాద్యము స్వరము వినవచ్చు ఏర్పాటు జరిగెను. మాట రానివాడైనను, భాష తెలియనివాడైనను పాట వినగలడు.

ఖాళీగోడల నడుమ గానము

సంగీతము ప్రదర్శనశాలను బ్రదికించిన మఱొక సందర్భము చెప్పి తీరవలెను. 1939లో యుద్ధము వచ్చినప్పుడు లండనులోని జాతీయ చిత్రశాలవారు బాంబుల భయమున పటములన్నింటిని దూరప్రాంతములకు పంపివేసిరి. ఆ చిత్రశాలలో చిత్రములు లేవు. పట్టణమున నాటకశాలలు, సంగీతశాలలు మూతపడినవి. అప్పుడు మైరా హెస్సు అను పియానో విదుషి, అధిపతియైన కెన్నెతు క్లార్కుగారిని కలిసి, ఈ ఖాళీగదులలో అప్పుడప్పుడు కచ్చేరి చేయనిత్తురా అని యడిగినది. అప్పుడప్పుడేల, ప్రతిదినము చేయుడని ఆయన బదులిచ్చెను. 1939 అక్టోబరు 10న మొదటి కచ్చేరి. వారమున ఐదుదినములు, మధ్యాహ్న భోజనవేళ, రుసుము ఒక షిల్లింగు. గుమాస్తాలు, సిపాయిలు, దాదులు వచ్చి కూర్చుండిరి. భవనముపై బాంబులు పడిన కాలమున నేలమాళిగలోనికి మారి పాడిరి. 1946 ఏప్రిలు 10న ముగియునప్పటికి 1,698 కచ్చేరీలు జరిగినవి. వినినవారు 8,24,152 మంది. లెక్క వ్రాయువాడను గనుక ఈ చివరి రెండంకెయు విడువబుద్ధి కాలేదు. ఆ లెక్క వ్రాసిపెట్టిన మహానుభావుడెవరో వారికి నా నమస్కారము.

ఇందులో నన్ను కదలించిన విశేషమొకటి కలదు. ఆ కచ్చేరీలలో వాయించిన సంగీతకర్తలలో బాకు, బీథోవెను, బ్రామ్సు ముఖ్యులు. ముగ్గురును జర్మనీ దేశమున పుట్టినవారే. జర్మను విమానములు బాంబులు వేయుచుండగా, ఆ బాంబులకు గుఱియైన జనము జర్మనుల సంగీతము విని ఊఱడిల్లిరి. శత్రువు ప్రభుత్వము వేఱు, ఆ జాతి పాట వేఱని ఎవరును ఉపన్యసింపలేదు. ఒక షిల్లింగు చీటితో అందఱికిని తెలిసినది. పరదేశపు కళలను ప్రజలకు పరిచయము చేయుటవలన ప్రయోజనమేమని యడుగువారికి ఇంతకంటె మంచి జవాబు నాకు దొరకలేదు.

కొంతకాలమునకు, ఒక్క పటమైనను చూడవలెనని జనము కోరగా, 1942నుండి నెలకొక్క పటమును రహస్యస్థలమునుండి తెచ్చి చూపిరి. రెండువేల పటములున్ననాడు పరుగెత్తుచు చూచిన జనము, ఒక్కటే యున్ననాడు దానియెదుట చాలసేపు నిలిచి చూచిరట.

మన యింటి సంగతి

మన తెలుగువారిలో సామాన్యునకు ప్రపంచకళను మొదట చూపినది హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియము. మూడవ సాలార్‌జంగు కూర్చిన వస్తువులతో 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూగారు దానిని తెఱచిరి. 1961లో పార్లమెంటు చట్టముచేత అది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ యయ్యెను. 1968లో మూసీ యొడ్డున ఇప్పటి భవనమునకు మారెను. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన మేలిముసుగు రెబెక్కా అందున్నది. చిన్ననాడు మా మేనమామగారితో పోయి నేనును చూచితిని. రాతిలో పలుచని బట్ట కనబడుట చూచి ఆయన, ఇది రాయి కాదురా, మైనమై యుండునని వాదించెను. గడియారపు ముందు పల్లెటూళ్లనుండి వచ్చిన జనము నేలమీద చతికిలబడి, గంటకొకమాఱు బొమ్మ బయటికి వచ్చి గంటకొట్టుటకై కనిపెట్టుకొని యుండిరి. బొమ్మ రాగానే పిల్లలు, పెద్దలు ఒక్కటిగ నవ్విరి. ఆ నవ్వునకు పాండిత్యము అక్కఱలేదు.

వేఱొక ప్రదర్శనశాలలో నాకు చేదు అనుభవమును కలిగెను. దాని పేరు చెప్పను. ప్రతి వస్తువు క్రిందను ఇంగ్లీషు చీటీయే. మావెంట వచ్చిన ఒక వృద్ధనేతగాడు పాత పట్టుచీరయొకదానిని వంగి చూచుచు, అంచు ఎట్లు కలిపిరో తెలిసికొనగోరెను. కావలివాడు ముందునకు నడువుమని గద్దించెను. ఆ గదిలో ఆ చీరనుగూర్చి చెప్పగలిగినవాడు ఆ వృద్ధుడొక్కడే. అతనినే త్రోసివేసిరి.

వస్తువు ఎవరిదను ప్రశ్నయు ఇందులోనే యిమిడియున్నది. మన అమరావతి స్తూపపు శిల్పములను 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించి చెన్నపట్టణమునకు పంపెను. వానిలో పెక్కు 1859లో లండను చేరి, 1880నుండి బ్రిటిషు మ్యూజియమున నున్నవి. మఱికొన్ని చెన్నపట్టణపు మ్యూజియమున నున్నవి. లండనులో వానిని చూచిన విదేశీయుడు కృష్ణాతీరపు శిల్పి చేతిని మెచ్చుకొనును. కృష్ణాతీరపు రైతుబిడ్డ దానిని చూచుటకు సముద్రము దాటవలెను. ఈ లెక్క ఇంకను సరిపడలేదు. వస్తువులను ఇచ్చిపుచ్చుకొనుటవలన కొంత సరిపడవచ్చును. 2017లో బొంబాయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తుసంగ్రహాలయమున, బ్రిటిషు మ్యూజియము సహకారముతో, భారతదేశమును ప్రపంచమును ప్రక్కప్రక్కన నిలిపి 200కు పైగ వస్తువులను ప్రదర్శించిరి. ఆ సంస్థయే 2015లో బస్సుమీద నడచు మ్యూజియమును ఆరంభించి బడులయొద్దకు పంపినది.

నిజమునకు నడచు చిత్రశాల మనకు క్రొత్తది కాదు. చేర్యాల నకాశీ చిత్రకారులు వ్రాసిన పొడుగాటి పటమును చుట్టి భుజమున వేసికొని, ఊరూర విప్పుచు కులపురాణములు పాడినవారు మన ప్రదర్శనశాలాధికారులే. బొమ్మయు, పాటయు, వ్యాఖ్యానమును ఒక్కచోట. తోలుబొమ్మలాటవారు అంతే. భరతుడు నాట్యమును అన్ని వర్ణములవారికిని అందవలసిన అయిదవ వేదమనెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయమును నడపినప్పుడు ఆయనకు సెయింట్‌లూయీ గుఱ్ఱపుబండి సంగతి తెలిసియుండనక్కఱలేదు. జనమున్నచోటికి పోవలెనను బుద్ధి ఏ దేశమునను మంచివానికి పుట్టునదే.

మన ముందున్న లెక్క

ఇక అసలు విషయము. రజతోత్సవ నిధిలో చేరిన సొమ్ముతో ఏమి చేయవలెనని కార్యవర్గమున చర్చ జరుగుచున్నది. అద్దాల తలుపులు, గట్టితాళములు గల నాలుగు బీరువాలు చేయింపవలెనని కొందఱు పెద్దలు చెప్పుచున్నారు. వారి భయము నాకు తెలియును. అది ఒకప్పటి నా భయమే. అదే సొమ్ముతో ఒక తోపుడుబండి చేయించి, వారమున కొక్కదినము పుస్తకములను, దేశదేశముల చిత్రముల పుస్తకములను, పాటలు వినిపించు యంత్రమును అన్ని వాడలకును తీసికొనిపోవలెనని యువకులు చెప్పుచున్నారు.

నా యోటు బండికి. అందులకు మఱొక మనవియు చేయుచున్నాను. బండి తీసికొనిపోవుటతో సరిపోదు, తీసికొనియు రావలెను. మన యూరిలోనే సన్నాయి, డోలు, తప్పెట, కిన్నెర వాయించువారు, నేతపని తెలిసినవారు కలరు. వారిని గ్రంథాలయమునకు పిలిచి, పీటవేసి కూర్చుండబెట్టి, వారి విద్యనుగూర్చి వారిచేతనే చెప్పింపవలెను. వారి వాద్యమునకు చీటీ వ్రాయవలసివచ్చినచో తెలుగున వ్రాసి, వారి పేరును చేర్చవలెను. బ్రస్సెల్సు వాద్యమును వినిన పిల్లవాడు మన కిన్నెరను వినకుండుట న్యాయము కాదు.

బండిలో వెళ్లిన పుస్తకములు కొన్ని నలుగును, కొన్ని చిరుగును, రెండు మూడు పోవును. ఆ నష్టమును దాచక నేనే నా చేతితో వ్రాసెదను. దానికెదురుగ, ఏ వాడలో ఏ బిడ్డ ఏ బొమ్మ చూచెనో, ఏ పాట వినెనో అదియు వ్రాయుదము. మూడుమార్లు వచ్చి తిరిగిపోయిన ఆ బాలుడు నేడు వేఱూర ఉద్యోగము చేసికొనుచున్నాడు. అతనికి నేను ఇయ్యవలసిన బొమ్మల పుస్తకము ఇంకను ఆ బీరువాలోనే, చిన్న మడతయైనను లేక, క్రొత్తదివలె నున్నది. బండి బయలుదేరుననాడు మొదట అందులో పెట్టవలసిన పుస్తకమది.